బొటనవ్రేలికి బీగము

బద్వేలు రిజిస్ట్రారు కచ్చేరిలో ఎకరము చేను వ్రాయించుకొన్నవారెల్లరును పత్రముపై వ్రేలిముద్ర నుంచినవారే. చదువురానివాడు సంతకమునకు బదులుగా వేయును. చదివినవాడు సంతకముతోపాటు వేయును. 2001వ సంవత్సరపు సవరణచే రిజిస్ట్రేషను చట్టమున 32-ఏ విభాగము చేరినది మొదలు, స్థిరాస్తిని అమ్మువాడును కొనువాడును తమ ఛాయాచిత్రములను, వ్రేలిముద్రలను పత్రమునకు జేర్పక తప్పదు. దొంగపత్రములు పుట్టింపకుండుటకు ఏర్పడిన కట్టుదిట్టమిది. అయితే ఆ ముద్రయే నేడు బ్యాంకు ఖాతాకు బీగపుచెవి కూడ నైనదని మన రైతులలో ఎందఱికి దెలియును?

ఈ ముద్రల విద్య మన దేశముననే పెరిగినది. 1858లో వంగదేశమందలి జంగీపూరున విలియం హెర్షెల్ అను దొర, రోడ్డు కంకర యొప్పుకొన్న రాజ్యధర కొనాయిచే ఒడంబడికపై హస్తముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. అందు ముద్రలను వర్గీకరించు పద్ధతికై శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు గార్లు. పద్ధతికి నిలిచిన పేరు మాత్రము హెన్రీ దొరది! అది యట్లుండనిండు.

ఇపుడు పల్లెలలో బ్యాంకు మిత్రుడు చిన్న యంత్రమొకటి చేతబట్టుకొని వచ్చుచున్నాడు. మన ఆధార్ సంఖ్యను, బ్యాంకు పేరును జెప్పి, యంత్రముపై వ్రేలుంచిన సొమ్ము చేతికి వచ్చును. కార్డు లేదు, రహస్యసంఖ్య లేదు. పట్టణమునకు పోలేని ముసలివారికి ఇది నిజముగా ఉపకారమే. కాని దొంగకు గావలసినవియు నీ మూడే. 2018లో తెలంగాణమున ఒకడు రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునుండి పత్రములను దింపుకొని, వానియందలి వ్రేలిముద్రలకు రబ్బరు అచ్చులు పోసి, వేలకొలది సిమ్ కార్డులను చెల్లించుకొనెను. 2022లో సైబరాబాదు పోలీసులు మఱియొక ముఠాను బట్టిరి. వీరు మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను పత్రములనుండి ముద్రల నెత్తి, అచ్చు వ్రేళ్లతో నూరుమందికి మించిన ఖాతాదారుల సొమ్ము గాజేసినారు. సొమ్ము పోయినవారు ఎవరితోను మాటాడలేదు, ఎవరికిని రహస్యము చెప్పలేదు. వారు చేసినదెల్ల చట్టము చెప్పినట్లు పత్రముపై వ్రేలుంచుట మాత్రమే!

పాస్‌వర్డు, అనగా రహస్యపదము, బయటపడినచో మార్చుకొందుము. బొటనవ్రేలిని మార్చుకొనుటెట్లు? మన పొరుగుననున్న పోరుమామిళ్ల చెరువు శాసనము, 1369 నాటిది, చెరువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను జెప్పినది. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో నొకటి. కట్ట యూరుచుండగా ఆయకట్టు రైతును నిందించిన ఫలమేమి? పత్రమును జూపుటకు పత్రముపైని ముద్రను జూపనక్కర లేదు. దానిని కప్పియే ప్రతి నొసగవచ్చును. ఇది కచ్చేరులవారి ధర్మము. 2023లో ఆధార్ సంస్థవారు సజీవమైన వ్రేలిని, అచ్చు వ్రేలిని వేఱుపఱచు పరీక్షను ప్రవేశపెట్టితిమని ప్రకటించిరి. సంతోషమే.

ప్రజలు చేసికొనదగిన పనియు నొకటి కలదు. ఆధార్ సంస్థవారి వెబ్‌సైటులో గాని, ఎం-ఆధార్ యాప్‌లో గాని బయోమెట్రిక్ లాకు, అనగా శరీరచిహ్నములకు బీగము, వేసికొనవచ్చును. ఆ వెనుక ఎవరెన్ని అచ్చులు పోసినను యంత్రము ఒప్పుకొనదు. రేషనుకో, పింఛనుకో వ్రేలుంచవలసినపుడు కొన్ని నిముషములపాటు తెఱచుకొనవచ్చును. ఇందులకు ఆధార్‌తో చేర్చిన ఫోను నంబరు మనచేతిలో నుండవలెను. ఎన్నడో పారవైచిన సిమ్ము నంబరే ఆధార్‌లో నిలిచియున్న ఇండ్లు పల్లెలలో పెక్కులు. వారు ముందుగా ఆధార్ కేంద్రమునకు బోయి దానిని సరిచేయించుకొనవలయును. ఈ విధమున సొమ్ము తీయు సౌకర్యమే అక్కఱలేనివారు దానిని నిలుపుమని బ్యాంకునకు వ్రాసి యీయవచ్చును.

తక్కిన మోసములలో మనచేతనే తలుపు తీయింతురు. ఓటీపీ యనగా ఒక్కమాఱు మాత్రమే చెల్లు సంఖ్య. అది యడుగువాడు మొదటి తలుపులు దాటివచ్చి కడపటి తలుపు దట్టుచున్నాడని యెఱుగవలెను. యూపీఐ పిన్ను సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు గాదు. ఫిషింగు అనగా గాలము వేయుట: బ్యాంకు పేరిటనో, కిసాన్ సొమ్ము పేరిటనో లంకె పంపుదురు. ఏపీకే అను ఫైలు వాట్సాపులో వచ్చినచో ముట్టరాదు. అది ఫోనులో గూర్చుండి మన ఓటీపీలను మనకు దెలియకయే చదువగలదు. ఇక వీడియోలో పోలీసు దుస్తులతో గనబడి ‘డిజిటల్ అరెస్టు’ అని బెదరించువారి మాట: అట్టి అరెస్టు మన చట్టమున నెచ్చటను లేదు. లాఠీలకు వెఱవని సీమవారు ఫోనులోని టోపీకి వెఱతురా?

సొమ్ము పోయినదని తెలిసిన క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. దొంగసొమ్ము ఖాతానుండి ఖాతాకు దుముకుచుండును. ఆ దారిలోనే దానిని నిలుపుటకు ఏర్పడిన నంబరది. సిగ్గుపడి, ఇంటివారికి దెలియునని జంకి, రెండు దినములు ఊరకుండుటచేతనే పెక్కుమంది సొమ్ము చేజాఱినది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకువారు ఒక నియమము చేసిరి. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక ఇతరులవలన సొమ్ము పోయినపుడు, సమాచారమందిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినచో నష్టము ఖాతాదారునిపై బడదు; ఆలస్యమైనకొలది అతని భాగము పెరుగును. కావున ఫిర్యాదును నోటిమాటతో విడువక కాగితముపై వ్రాసియిచ్చి, తేదీతో రసీదు దీసికొనవలయును. ఈ నియమమును తెలుగున పెద్దయక్షరములతో అచ్చువేయించి, తమ గోడలపైనను, రిజిస్ట్రారు కచ్చేరి వాకిటను అతికింప వలసినదని బద్వేలు బ్యాంకులవారిని కోరుచున్నాము.