నిలువురాయి వయసు లెక్క

ఐర్లండ్‌లోని కిల్డేర్ కౌంటీలో, పంచెస్‌టౌన్ గుర్రప్పందేల మైదానానికి దగ్గర్లో ఒక గ్రానైట్ నిలువురాయి ఉంది. పొడవు 7 మీటర్లు, బరువు దాదాపు 9 టన్నులు. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఒక పక్కకు ఒరిగి ఒరిగి 1931లో పడిపోయింది. 1934లో మళ్లీ నిలబెట్టారు. పడిపోవడమే మేలైంది. దాన్ని పాతిన గుంత దగ్గర పలకరాళ్లతో కట్టిన చిన్న సమాధి పెట్టె బయటపడింది. లోపల ఏమీ లేదు. అయినా ఆ తరహా పెట్టెలు కంచుయుగానివి కాబట్టి, రాయిని నిలిపింది సుమారు 4,000 ఏళ్ల కిందటని అంచనా కట్టగలిగారు.

ఐరిష్ వాళ్లు గలాన్ అని పిలిచే ఇలాంటి నిలువురాళ్ల కాలం తేల్చడం ఎందుకంత కష్టం? రాయి పుట్టినప్పటి లెక్క వేరు, నిలబెట్టినప్పటి లెక్క వేరు. ఆ ప్రాంతపు గ్రానైట్ ఏర్పడి దాదాపు 40 కోట్ల ఏళ్లయింది. ఆ అంకె మనకు ఎందుకూ కొరగాదు. రేడియోకార్బన్ పరీక్షకు ఒకప్పుడు ప్రాణమున్న పదార్థం కావాలి. బొగ్గో ఎముకో రాళ్ల అడుగున దొరకాలి.

అలాంటి పదార్థం కార్క్ కౌంటీలోని డ్రోంబెగ్‌లో దొరికింది. అక్కడ 9.3 మీటర్ల అడ్డకొలతతో 17 రాళ్లను వలయంగా నిలిపారు. 1957-58లో ఎడ్వర్డ్ ఫాహీ తవ్విస్తే, నడిమధ్యన పగిలిన కుండ, దళసరి గుడ్డలో చుట్టిన కాలిన ఎముకలు కనిపించాయి. అవి ఇంకా పెద్ద వయసు రాని మనిషివి. నమూనాల కాలం క్రీ.పూ. 1100-800 అని తేలింది. డిసెంబరులో సూర్యుడు వలయంలో అడ్డంగా పరచిన ఒక రాయి వైపున అస్తమిస్తాడని జనం కెమెరాలతో వస్తారు. నన్నడిగితే, సూర్యుడి కన్నా ఆ గుడ్డే ఎక్కువ చెబుతుంది.

ఉత్తర ఐర్లండ్‌లోని బేగ్‌మోర్‌లో కథ ఇంకో రకం. గడ్డీ నాచూ కుళ్లి పేరుకున్న పీట్ నేల రాళ్లనే మింగేసింది. పొయ్యిలోకి పీట్ కోసుకునేవాళ్ల వల్ల అవి బయటపడ్డాయి. 1945-49 తవ్వకాల్లో 7 వలయాలు, మొత్తం 1,269 రాళ్లు తేలాయి. ఒక్క వలయంలోనే 800కు పైగా చిన్నరాళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఊరివాళ్లు వాటిని డ్రాగన్ పళ్లంటారు.

పొలంలో ఒంటరిగా కనిపించే ప్రతి రాయీ ఇంత పాతది కాదు. పశువులు ఒళ్లు రుద్దుకుంటాయని ఈమధ్య శతాబ్దాల్లో రైతులు పాతినవీ ఉన్నాయి. తవ్వకుండా, పైపైన చూసి రెంటికీ తేడా చెప్పడం నిపుణులకే కష్టం.