కత్తికి ముందు మాట

1589 ఆగస్టు 1వ తేదీ ఉదయాన, పారిస్ ముట్టడికై సాంక్లూలో విడిసియున్న ఫ్రాన్సు రాజు మూడవ హెన్రీ సన్నిధికి జాక్ క్లెమాన్ అనే యువకుడు వచ్చాడు. అతడు డొమినికన్ సన్న్యాసి. రహస్యం విన్నవించాలని చెప్పి లేఖలు అందించి, రాజు చదువుతుండగా కడుపులో కత్తి దింపాడు. అంగరక్షకులు అతనిని అక్కడనే వధించారు. మరునాడు రాజు మరణించాడు.

పొడిచిన చేయి ఒక్కనిది. ఆ చేతిని సిద్ధం చేసినవారు అనేకులు. 1588 డిసెంబరులో కాథలిక్ కూటమి నాయకుడైన గీజ్ ప్రభువును బ్ల్వా కోటలో ఈ రాజే చంపించాడు. నాటి నుండి పారిస్‌లోని మతబోధకులూ, కరపత్ర రచయితలూ అతనిని ప్రజాకంటకుడని చాటసాగారు. 1589 జనవరిలో సోర్బాన్ పండితులు ప్రజలకు రాజభక్తి ప్రమాణం నుండి విముక్తి ప్రకటించారు. వధ్యుడన్న భావన ఈ విధంగా ముందే భాషలో స్థిరపడింది.

క్లెమాన్ కాథలిక్ మతాన్ని రక్షింపదలచాడు. కాని అతని దెబ్బతో సింహాసనం ప్రొటెస్టెంటు అయిన నవార్ హెన్రీకి సంక్రమించింది. ఆయన 1593లో కాథలిక్ మతం స్వీకరించి, 1598లో నాంత్ శాసనం ద్వారా ప్రొటెస్టెంట్లకు రక్షణ కల్పించాడు. అయినా 1610లో రవయ్యాక్ కత్తికి బలియైనాడు.

స్పెయిన్ దేశీయుడైన మరియానా 1599లో ప్రకటించిన రాజనీతి గ్రంథంలో క్లెమాన్‌ను కొనియాడాడు. 1610 హత్యానంతరం పారిస్ ఉన్నత న్యాయస్థానం ఆ గ్రంథాన్ని తగులబెట్టించింది. గ్రంథదహనం విచారణ కాదు. కాని హత్యకు సమర్థన రచించినవాడు దాని బాధ్యతలో భాగస్వామి కాడా అన్న ప్రశ్న ఆ మంటతో కాలిపోలేదు. కలం పట్టిన ప్రతివారికీ అది వర్తిస్తుంది.