ఎండకీ జలుబుకీ ఏమిటి సంబంధం?

చర్మానికి ఎండ తగిలితే విటమిన్ డి తయారవుతుంది. కాలేయం, ఆపై మూత్రపిండాలు దాన్ని మార్చి, ఒంటికి పనికొచ్చే రూపానికి తెస్తాయి.

మాక్రోఫేజ్ అనే తెల్ల రక్తకణం ఇంకా గడుసుది. క్రిమి జాడ తగలగానే ఆ చివరి మార్పును తనే చేసుకుని, కాథెలిసిడిన్ అనే ఆయుధాన్ని తయారుచేస్తుంది! క్షయ క్రిమి విషయంలో ఈ సంగతి 2006లో బయటపడింది. ఆ ఆయుధం బ్యాక్టీరియా పొరకు చిల్లులు పొడుస్తుంది, ఫ్లూ వైరస్ పైతొడుగునూ దెబ్బతీస్తుంది.

మరి విటమిన్ డి మాత్రలు మింగితే జలుబు రాదా?

అంత తేలిక కాదు. 2017లో 25 ప్రయోగాల ఫలితాలను కలిపి చూస్తే కొద్దిపాటి రక్షణ కనిపించింది, అదీ లోపం బాగా ఉన్నవాళ్లలోనే ఎక్కువగా. 2025లో మరిన్ని ప్రయోగాలను చేర్చి లెక్కకడితే ఆ మేలు స్పష్టంగా తేలలేదు. పైగా మాత్రలు మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.