లాంచిలో కర్రిగాడు

మాది నల్లమాడ. మొన్నటివరకు అనంతపురము జిల్లాలోని ఊరు. 2022 ఏప్రిలునుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లా పేరు మారినది గాని ఆకాశము మారలేదు. నైరృతి మేఘములు తమ నీటినంతయు పడమటి కనుమలకే అర్పించి, మా పైకి వట్టి నీడలై వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము నడచి వచ్చునప్పటికి అలసిపోవును. సాలుకు సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వేరుసెనగకు ఊడలు దిగువేళ మొగము చాటుచేసి, కాయ పెరుకువేళ పలుకరించును. ఇట్టి ఊరివారికి విహారయాత్ర యన్నచో కొండలు వలదు, కోటలు వలదు, నీళ్ళు చూడవలెను.

నేను సాంఘికశాస్త్రోపాధ్యాయుడను. ఇరువది యేండ్లుగా నాగార్జునకొండ పాఠమును పిల్లలకు చెప్పుచున్నాను గాని ఒక్కమారైనను దానిని కన్నులార చూచి యెరుగను. ఆ స్థలముపై నాకు వేరొక మమకారము గూడ కలదు. 1926లో అచటి శిథిల స్తంభమును చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసినవాడు సూరపరాజు వేంకటరామయ్య. ఆయన యొక బడిపంతులు. పాఠము చెప్పునపుడెల్ల ఈ మాటను ఒక్క పిసరు గొంతు పెంచి చెప్పుట నాకలవాటు. మొన్నటి సంక్రాంతి సెలవులలో ఆ కోరిక తీరు యోగము కలిగినది. మా అమ్మ, నా భార్య, పదేండ్ల కుమారుడు, నేను, బాడుగ బండి, రెండు గిన్నెల చిత్రాన్నము. అయిదవవాడు కర్రిగాడు.

కర్రిగాడు ఆరునెలల కుక్కపిల్ల. ఊరి బడి ప్రహరీ ప్రక్కన దొరికినాడు. వాని దినచర్య చెప్పులతో ఆరంభమై, చెప్పులతో ముగియును. ఒకనాడు నేను దిద్దిపెట్టిన పరీక్షపత్రములను నమలి, అత్తెసరు మార్కుల పిల్లలందరి మన్నన పొందినాడు. వానికి తెలిసిన జలరాశి మా పెరటిలోని తొట్టి యొక్కటియే. ప్రొరుగింట వదలి రావలెనని నేనంటిని. కుమారుడు రెండు పూటలు అన్నము మానెను. మూడవ పూటకు మా అమ్మయు వాని పక్షము చేరెను. అంతటితో వాదము ముగిసినది.

కడప మీదుగా రాత్రియెల్ల ప్రయాణము చేసి, మరునాడు పొద్దెక్కినపిమ్మట మాచర్ల దాటి విజయపురి సౌతు చేరితిమి. జలాశయము కనబడగానే మా అమ్మ బండి నాపించినది. ఆమె చిన్ననాటినుండి ఏతపుబావుల నీరు, చేతిపంపుల నీరు, ట్యాంకరు నీరు చూచినదే గాని, ఆవలి గట్టు మసకబారు నీటి నెన్నడు చూడలేదు.

“ఈటిలో ఒక్క కడవెడు మనూరి చెరువుకు పోస్తే సాలదారా నాయనా!” అనెను.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. సిమెంటు కాంక్రీటు దిమ్మ గాక, రాతిపై రాయి పేర్చి కట్టిన కట్టడమది. ఇరువదియారు గేట్లు కలది. ఇదంతయు నేను బండిలోనే పాఠమువలె చెప్పితిని. వినినవాడు బాడుగ బండి నడుపువాడొక్కడే.

రేవులో లాంచి సిద్ధముగా నున్నది. కుక్కలను ఎక్కింపరాదని అచటివారు ముందే చెప్పిరి. కుమారుడు నావైపు తిరిగి, “నాయనా, కుక్కను ఇడిసిపెట్టి ధర్మరాజు రతమెక్కలేదని నువ్వే సెప్తివి గదా!” అనెను.

“ఆ రథమునకు నిబంధనలు లేవురా, దీనికి కలవు” అని చెప్పి, కర్రిగానిని బండివానికి అప్పగించి, టిక్కెట్లు కొని, లైఫు జాకెట్లు తొడిగించి అందరిని ఎక్కించితిని. మా అమ్మ చేతిలోని గుడ్డసంచి వచ్చునప్పటికంటె కొంత బరువెక్కియుండుటను నేను గమనింపలేదు.

ఓడలలో జంతువులుండుట లోకమునకు క్రొత్త గాదు. ఎలుకల బాధకు నావికులు పిల్లులను పెంచుట అనాదిగా నున్నదే. 1801 - 1803 సంవత్సరములలో మాథ్యూ ఫ్లిండర్సు ఆస్ట్రేలియా ఖండమును చుట్టివచ్చినపుడు ట్రిమ్ అను పిల్లి ఆయనతో ప్రయాణము చేసినది. నేటికిని అట్లాంటిక్కు దాటు క్వీన్ మేరీ - 2 ఓడలో కుక్కల కొరకు ప్రత్యేకముగా గూళ్ళు కట్టి, వాని నలవాటుచొప్పున ఒక దీపస్తంభమును గూడ నిలిపినారు. అయితే అది మహానౌక. మాది గంటసేపటి లాంచి.

నడినీటికి చేరునప్పటికి సంచి కదలినది. తొలుత ముక్కు, పిదప చెవులు, ఆ పిదప కర్రిగాడు సంపూర్ణముగా వెలువడెను. ఎదుటి బల్లపై నెవరో విప్పిన పులిహోర పొట్లము వాని మొదటి దర్శనీయస్థలము. దానిని ముగించి, అంచుకడకు పరుగెత్తి, కమ్మీల నడుమనుండి తల వెలుపలికి పెట్టి, క్రింద కనబడిన అనంతమైన తొట్టిని చూచి మొరుగసాగెను. కుమారుడు వానివెంట పడెను. నవ్వు పుట్టినది. “పడిపోవును, పట్టుకొనుడు!” అని కేకలు లేచినవి. పిల్లలు, వారివెంట పెద్దలు, ఒక్కుమ్మడిగా అంచుకడకు చేరిరి. లాంచి ఆ వైపునకు ఒరిగెను.

“ఎక్కడివాళ్ళక్కడ కూర్చోండి!” అని సరంగు అరచిన అరపు నాకిప్పటికిని వినబడుచున్నది.

అందరు కూర్చుండిరి. లాంచి నిలకడగొన్నది. ఇదియంతయు నిమిషములోని సంగతి. పడవలో జనము ఒక ప్రక్కకు చేరినప్పుడు దాని గురుత్వకేంద్రము గూడ ఆ ప్రక్కకు జరుగును. నీటి ఎత్తుడుబలము సరిదిద్దగల హద్దు దాటెనా, పిదప ఎవరి చేతిలోను ఏమియు నుండదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద గోదావరిలో పాపికొండల యాత్రికుల పడవ మునిగి ఎందరో మరణించిన వార్త చదువనివారు మనలో లేరు. నాకాక్షణమున అదియే గుర్తుకు వచ్చినది. కుమారునిపై లైఫు జాకెట్టు ముడి సరిగా నున్నదా లేదా యని తడిమి చూచుచున్న నా చేతులు వణకుచుండెను.

సరంగు చుక్కాని సహాయకున కిచ్చి వచ్చి, “ఇది ఎవరిదండీ?” అని అడిగెను. బల్లలమీద మాటలేదు. కుమారుడు నావైపు చూచెను. నేను వానివైపు చూడక నీటివైపు చూచితిని. ఇంతలో వాడే లేచి నిలిచి, “నాది. నేనే తెచ్చినా” అనెను. వెంటనే మా అమ్మ, “వాడు సిన్నోడు నాయనా, సంచిలో పెట్టింది నేను” అనెను. ఆయన కోపింపలేదు. “దీన్ని దీవిపైకి తీసుకుపోవద్దు. రేవుమెట్లమీద ఎవరైనా ఉండి పట్టుకోండి” అని మాత్రము చెప్పెను. పులిహోర యజమానునికి నేను క్షమాపణ చెప్పుకొంటిని.

ఎవరుండవలెను? కుమారుడుండెద ననెను, నీటిగట్టున వాని నొంటరిగా వదలుటకు నాకు మనసొప్పలేదు. మా అమ్మ యింతదూరము మరల రాగలదని నమ్మకము లేదు. నేనే యుంటిని.

కర్రిగాని మెడత్రాడు చేతికి చుట్టుకొని మెట్లపై కూర్చుంటిని. నా పాదముల క్రింది నీటియడుగున ఇక్ష్వాకుల విజయపురి కలదు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసిన నగరమది. జలాశయములో మునుగనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున లోయనంతయు త్రవ్విరి. కొన్ని కట్టడములను ఊడదీసి ఈ కొండపైకి తెచ్చి మరల పేర్చిరి. రంగస్థలము అనుపులో నిలిచినది. తక్కినదంతయు నీటి పాలైనది. మాబోటి కరవుసీమవాడు నీటిని నిందింపజాలడు. చరిత్ర చెప్పువాడు నిట్టూర్పక యుండజాలడు. నేనా రెండును చేసితిని. కర్రిగాడు నా చెప్పు నమలుచుండెను.

అరగంట గడచినదో లేదో, కుమారుడు ఒగర్చుచు దిగివచ్చెను. వెనుక మా అమ్మ. “నాయనా, నువ్వు పో. తప్పు నాది. కర్రిగాన్ని నేను పట్టుకుంటా, అవ్వ నన్ను పట్టుకుంటాది” అనెను. అని యూరకుండక, ఏ గదిలో ఏమున్నదో, ఏది తప్పక చూడవలెనో వరుసగా చెప్పెను. వాని పాఠము నేను శ్రద్ధగా విని మెట్లెక్కితిని.

నాకు మిగిలినది స్వల్పకాలము. 1966లో నెలకొన్న ఆ ప్రదర్శనశాలలో నేను అన్నియు చూడలేదు. వాడు చెప్పినవే చూచితిని. నిలిచియున్న బుద్ధవిగ్రహము ముందర కొంతసేపు, ఛాయాస్తంభముల ముందర మరికొంతసేపు నిలిచితిని. చనిపోయినవారి జ్ఞాపకార్థము నిలిపిన రాళ్ళవి. రాజునకే గాక, యుద్ధములో పడిన యోధులకును, శిల్పికిని గూడ రాయి నిలిపినారు. ఈ సంగతి పాఠములో నేనెన్నడు చెప్పలేదు, ఇకపై చెప్పవలెను.

మరలివచ్చునపుడు కర్రిగాడు కుమారుని ఒడిలో, మెడత్రాడు సరంగు కంటియెదుట, నిద్రించెను. మా అమ్మ నీటినే చూచుచు, “మన హంద్రీ - నీవా కాలువకు వచ్చేది ఈ నీళ్ళేనా?” అని అడిగెను. నది ఇదే కాని, మనవైపు ఎత్తిపోయు నీరు ఎగువన శ్రీశైలము జలాశయమునుండియే మరలునని, 2012లో జీడిపల్లి చేరినదని చెప్పితిని. “అయితే మన నీళ్ళు ఇంతదూరం రానే రావన్నమాట” అని ఆమె తృప్తిగా తలయూపెను.

ఇల్లు చేరిన సాయంకాలము కర్రిగాడు తిన్నగా పెరటిలోని తొట్టికడకు పోయెను. అంచుపై కాళ్ళు మోపి, లోపలికి చూచి, ఒక్కమారు మొరిగి, పిదప నీరు త్రాగెను.