రెపో రేటు – రైతు అప్పు

రిజర్వుబ్యాంకు వడ్డీ తగ్గించినదని వార్తలలో వినగానే పంట అప్పుపై వడ్డీయు తగ్గునని తలచు రైతులు కలరు. అది సరికాదు.

బ్యాంకులకు రిజర్వుబ్యాంకు ఇచ్చు స్వల్పకాలపు అప్పుపై వడ్డీయే రెపో రేటు. దీనిని 2016లో ఏర్పడిన ఆరుగురు సభ్యుల సంఘము సుమారు రెండు నెలలకొకసారి నిర్ణయించును. గవర్నరు ఆ నిర్ణయమును కారణములతో సహా ప్రజలకు చదివి వినిపించును. పదునాలుగవ నాడు సభ్యుల అభిప్రాయములును వెల్లడియగును. ధరలు పెరుగునన్న భయము వ్యాపించినచో వర్తకుడు సరుకు దాచును, ధరలు మరింత పెరుగును. అందువలననే ఇంత వివరణ.

2025 ఫిబ్రవరిలో ఈ రేటు 6.50 నుండి 6.25 శాతమునకు తగ్గెను. ఎల్‌బీ నగర్‌లో రెపోతో ముడిపడిన ఇంటి అప్పు తీసికొన్న గృహస్థునకు మూడు నెలలలోపు ఆ మేలు అందవలెను. పంట అప్పు అట్లు కాదు. 2025-26లో 3 లక్షల లోపు కిసాన్ క్రెడిట్ కార్డు అప్పునకు వడ్డీ 7 శాతము. గడువులో చెల్లించిన రైతుకు ప్రభుత్వ రాయితీతో 4 శాతమే. రెపో తగ్గినను ఇది తగ్గదు, పెరిగినను పెరుగదు.

అట్లని గవర్నరు ప్రకటనను సగములో వదలరాదు. 2024 డిసెంబరు 6న రెపో మారలేదు. కాని ఆనాటి ప్రకటనలోనే, తనఖా లేని వ్యవసాయ ఋణపరిమితి 1.60 లక్షల నుండి 2 లక్షల రూపాయలకు పెంచబడెను. 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. రెపో మాట విని రేడియో కట్టినవారికి ఈ సంగతి ఎట్లు తెలియును? పంచాయతీ కార్యదర్శులు దీనిని కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.