డిప్‌స్టిక్‌కు ముందు, తర్వాత

ఇంజిన్ సజావుగా నడుస్తున్నంతసేపూ క్రాంక్ షాఫ్ట్ తన బేరింగులను దాదాపు తాకదు. రెంటికీ నడుమ పలుచని ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర బలమెంతో 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ రైలు బేరింగులపై చేసిన ప్రయోగాల్లో బయటపడింది. బేరింగ్ పైన వేసిన రంధ్రంలోంచి ఆయిల్ ఉబికి వస్తుంటే ఆయన చెక్క బిరడా బిగించాడు. తిరిగే షాఫ్ట్ లాక్కొచ్చిన ఆయిల్ ఆ బిరడానూ బయటికి తోసేసింది. అందులోని గణితాన్ని 1886లో ఓస్బర్న్ రేనాల్డ్స్ విప్పి చెప్పాడు.

పొర నిలవాలంటే అడుగున చాంబర్‌లో ఆయిల్ సరిపడా ఉండాలి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు ఆయిల్ పంపే లేదు. ఫ్లైవీల్ చిమ్మిన ఆయిల్‌లో కొంత ఒక గొట్టంలో పడి ఇంజిన్ ముందుభాగానికి జారేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ కొసకు సరిగా అందేది కాదు. మట్టం చూడటానికి ఫ్లైవీల్ కవరుకు ఒకదాని కింద ఒకటిగా రెండు చిన్న కుళాయిలు ఉండేవి. కారు కిందికి దూరి వాటిని తిప్పాలి. పైదాంట్లోంచి కారితే నిండుగా ఉన్నట్టు, కిందిదాంట్లోంచి కూడా రాకపోతే వెంటనే పోయాలన్నట్టు. ఉతికిన చొక్కాతో బయల్దేరినవాళ్లకు ఇష్టమైన పని కాదది. 1927 చివర్లో వచ్చిన మోడల్ ఏ కారుకు పంపు, మట్టం చూసే కడ్డీ అయిన డిప్‌స్టిక్ రెండూ అమర్చారు.

డిప్‌స్టిక్ మీది రెండు గీతలు ఆ రెండు కుళాయిల పనే చేస్తాయి. చాలా కార్లలో వాటి మధ్య తేడా సుమారు ఒక లీటరు. ఆయిల్ కింది గీత దాటి బాగా తగ్గితే, మలుపుల్లో అది ఒక పక్కకు ఒరిగినప్పుడు పంపు గాలి పీలుస్తుంది. ప్రెషర్ పడిపోయి బేరింగులు అరుగుతాయి, చివరికి ఇంజిన్ సీజ్ అవుతుంది. ఎక్కువ పోసినా చేటే. క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది, నురుగు బరువును మోయలేదు.

మట్టం చూడాలంటే బండిని సమతలంపై ఆపి, ఇంజిన్ కట్టేసి, ఆయిల్ కిందికి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడాలి. డాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ దీపాన్ని నమ్ముకుని ఈ పని మానేసేవాళ్లు చాలామంది. చాలా కార్లలో ఆ దీపం చెప్పేది ప్రెషర్ సంగతి, మట్టం సంగతి కాదు. నడుస్తుండగా అది వెలిగిందంటే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి.