కౌన్సెలర్ ‘ఇంటర్న్’ అయితే నమ్మొచ్చా?

కౌన్సెలింగ్ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఎంసెట్. ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, సీటు. అమెరికా యూనివర్సిటీలో అదే మాటకి అర్థం వేరు. నిద్ర పట్టకపోయినా, పరీక్షంటే గుండె దడ వచ్చినా, ఇల్లు గుర్తొచ్చి ఏడుపు ఆగకపోయినా వెళ్లి మాట్లాడుకునే చోటు క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్. చాలా యూనివర్సిటీల్లో దీని ఖర్చు స్టూడెంట్ ఫీజులోనే కలిసి ఉంటుంది. ఎమ్మెస్‌కి వెళ్లిన మనవాళ్లు ఆ ఫీజు కడతారు కానీ, ‘పిచ్చి అనుకుంటారేమో’ అని ఆ గుమ్మం తొక్కనివాళ్లూ ఉన్నారు.

ధైర్యం చేసి వెళ్తే ఎదురుగా కూర్చున్నవాళ్లు “నేను డాక్టొరల్ ఇంటర్న్‌ని” అనొచ్చు. మన ఆఫీసుల్లో ఇంటర్న్ అంటే కాలేజీ ఫైనలియర్ కుర్రాడు. ‘నా బాధ మీద ప్రాక్టీసా?’ అనిపించడం సహజమే. ఇంతకీ ఆ ఇంటర్న్ ఎవరు?

హౌస్ సర్జన్ లాంటి ఏడాది

సైకాలజీలో పీహెచ్‌డీ లేదా డాక్టర్ ఆఫ్ సైకాలజీ చేస్తూ చివరి దశకి వచ్చినవాళ్లు. అంతకుముందే కొన్నేళ్లు క్లాసులు చదివి, ప్రాక్టికమ్ పేరుతో క్లయింట్లని చూసి ఉంటారు. ఎంబీబీఎస్ వాళ్లకి హౌస్ సర్జన్సీ ఎలాగో వీళ్లకి ఈ ఇంటర్న్‌షిప్ అలాగ. సాధారణంగా ఏడాది పాటు ఫుల్‌టైమ్, చాలా చోట్ల 2000 గంటలు. విడిగా, గ్రూపుగా కౌన్సెలింగ్ చేయడం, అత్యవసర కేసులు చూడటం, హాస్టళ్లలో అవగాహన కార్యక్రమాలు పెట్టడం, అన్నీ నేర్చుకోవాలి. లైసెన్సు ఆ తర్వాతే.

వాళ్లకీ వెబ్ ఆప్షన్లే

ఈ సీటు దొరకడం తేలిక కాదు. ‘ఏపిక్’ అనే సంస్థ 1999 నుంచి కంప్యూటర్ మ్యాచ్ నడుపుతోంది. అభ్యర్థులు ఇంటర్వ్యూలయ్యాక తమకి నచ్చిన సెంటర్లని వరసగా పెడతారు. సెంటర్లూ అభ్యర్థులని వరసగా పెడతాయి. రెండు జాబితాలనీ కలిపి అల్గారిథమ్ జత చేస్తుంది. ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది. వచ్చిన సీటుకి ఇద్దరూ కట్టుబడాల్సిందే. దాని కోసం ఊరు, రాష్ట్రం మారేవాళ్లు ఎందరో.

ప్రతి సెషన్‌కీ రివ్యూ

మన దగ్గర జూనియర్ రాసిన కోడ్‌ని సీనియర్ చూశాకే ప్రొడక్షన్‌లోకి వెళ్తుంది. ఇక్కడ అలా కుదరదు. మాట నోరు దాటాక వెనక్కి తీసుకోలేం. అందుకే పర్యవేక్షణ గట్టిగా ఉంటుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రోగ్రాముల్లో వారానికి కనీసం 4 గంటల సూపర్‌విజన్ ఉండాలి. అందులో కనీసం 2 గంటలు ఇంటర్న్‌తో సూపర్‌వైజర్ ఒక్కరే కూర్చోవాలి. క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డు చేసి, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ వినకుండా సలహా ఇచ్చారో కలిసి చూస్తారు.

తాను ట్రైనీ అని చెప్పడం మొహమాటం కాదు, నియమం. చట్టపరమైన బాధ్యత సూపర్‌వైజర్‌ది అయినప్పుడు వారి పేరు కూడా మీకు చెప్పాలని ఆ సంఘం నైతిక నియమావళి అంటోంది.

మాట బయటికి పోతుందా?

మామూలుగా అయితే మీ అనుమతి లేకుండా ప్రొఫెసర్‌కీ, అమ్మానాన్నలకీ చెప్పరు. కానీ ప్రాణాపాయం ఉంటే వేరు. 1969లో బర్క్‌లీలో ఒక భారతీయ విద్యార్థి, ఒక అమ్మాయిని చంపుతానని యూనివర్సిటీ సైకాలజిస్టుతో అన్నాడు. ఆయన క్యాంపస్ పోలీసులకి చెప్పారు, వాళ్లు ప్రశ్నించి వదిలేశారు. ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ హెచ్చరించలేదు. ఆమె హత్యకు గురైంది. అదే టారాసాఫ్ కేసు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకీ ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఏది దాస్తారు, ఏది దాచలేరు అన్నది మొదటి సెషన్‌లోనే చెప్పడం వెనక ఇలాంటి తీర్పులున్నాయి.

వెళ్తే ఇవి అడగండి

మీ సూపర్‌వైజర్ ఎవరు? రికార్డింగ్ ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు? మీ ఇంటర్న్‌షిప్ ఏడాది అయిపోతే నన్ను ఎవరు చూస్తారు? కుదరలేదనిపిస్తే ఇంకొకరిని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అమెరికాలో 988, మన దేశంలో టెలి మానస్ 14416. ఈ రెండు నంబర్లూ ఫోన్లో సేవ్ చేసుకోండి. మీకు కాకపోయినా, మీ రూమ్మేట్‌కి పనికిరావచ్చు.